పాత ప్రమాదాల ఫిల్మ్: కెమెరా అక్కడికి ముందే ఎలా చేరింది?

ప్రశ్న అడిగినవారు ఓడల, విమానాల ప్రమాదాల మీద తెలుగులో వీడియోలు చేద్దామనుకుంటున్నారు. వారి సందేహాలు మూడు. ‘1954 కామెట్ జెట్ ప్రమాదం, ఒరిజినల్’ అన్న పేరుతో యూట్యూబ్‌లో దొరికిన క్లిప్పు నిజమైనదేనా? జేబుకో ఫోన్ లేని ఆ రోజుల్లో సరిగ్గా విమానం విరిగే క్షణానికి కెమెరా ఎలా సిద్ధంగా ఉంది? మరి మన దివిసీమ ఉప్పెనకు, విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీకి అలాంటి దృశ్యాలు ఎందుకు దొరకవు?

నేను మద్రాసులో ఎడిటింగ్ అసిస్టెంటుగా మొదలుపెట్టి, తర్వాత హైదరాబాదులో డాక్యుమెంటరీలకు పాత ఫిల్మ్ వెతికి కోసే పనిలో ముప్పై ఏళ్ళు గడిపాను. చేతికి తెల్ల గ్లౌజులు, ముక్కుకు వెనిగర్ వాసన, అదీ నా ఉద్యోగం. పాత ఎసిటేట్ ఫిల్మ్ పాడైపోతున్నప్పుడు వచ్చే వాసన అది.

ముందు మీ క్లిప్పు సంగతి. ముదురు నీలం జెట్ ఒకటి ఓడ వెనక అంచుకు తగిలి రెండు ముక్కలవుతుంది, వెనక భాగం మంటల్లో ఉండిపోతుంది, ముక్కు భాగం డెక్ మీద దొర్లుకుంటూ ముందుకు పోతుంది అని రాశారు. ఆ వర్ణన చాలు, క్లిప్పు చూడనక్కర్లేదు. దృశ్యం నిజమైనదే, పేరు మాత్రం అబద్ధం. అది 1951లో అమెరికా విమానవాహక నౌక మిడ్‌వే మీద దిగబోయిన ఎఫ్9ఎఫ్ పాంథర్ అనే యుద్ధ జెట్. ఓడ వెనక గాలి కిందికి లాగడంతో విమానం ఉండాల్సిన ఎత్తు కంటే దిగిపోయి డెక్ అంచుకు కొట్టుకుంది. నడిపినవాడు జార్జ్ డంకన్. దొర్లిన ఆ ముక్కు భాగంలోనే కూర్చుని ఉన్నాడు, కాలిన గాయాలతో బతికి బయటపడ్డాడు. ఆ కొన్ని సెకన్ల ఫిల్మ్‌ను హాలీవుడ్ వాళ్ళు ఎన్ని సినిమాల్లో వాడుకున్నారో! రెండో ప్రపంచయుద్ధం కథలోనూ అదే పాంథర్ విరుగుతుంది, ఆ యుద్ధం నాటికి అది గాలిలోకి లేవనే లేదు. ఇక కామెట్ అంటారా, అది నాలుగింజన్ల ప్రయాణికుల విమానం. దాన్ని ఓడ మీద దింపాలనుకున్నవాడు ఇంకా పుట్టలేదు.

కెమెరా అక్కడెందుకుంది అంటే, ఆ రోజు జరుగుతున్నది పరీక్ష. కొత్త రకం విమానం ఓడ మీద ఎలా దిగుతోందో తర్వాత ఇంజనీర్లు చూసుకోవడానికి ప్రతి ల్యాండింగ్‌నూ తీస్తారు. బాగా దిగినవాటి రీళ్ళు డబ్బాల్లో ఉండిపోయాయి. విరిగినది మనందరికీ చేరింది.

పాత ప్రమాద దృశ్యం ఏది కనబడినా నేను మొదట వేసుకునే ప్రశ్న ఇదొక్కటే: కెమెరా అక్కడికి ముందే ఎందుకు వెళ్ళింది? ఎవరు పంపారు, దేన్ని తియ్యమని పంపారు? దీనికి జవాబు దొరికితే క్లిప్పు అసలుదో నకిలీదో సగం తేలిపోతుంది. దొరక్కపోతే అనుమానించాలి.

ఆ కాలపు కెమెరా అంటే ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ ప్రశ్న బరువు తెలియదు. న్యూస్‌రీల్ (సినిమా హాళ్ళలో వేసే వార్తల ఫిల్మ్) వాళ్ళు ఎక్కువగా వాడినది 35 ఎంఎం చేతి కెమెరా. ఐమో అని అమెరికన్ కెమెరా ఒకటి ఉండేది. గడియారానికి కీ ఇచ్చినట్టు ఇవ్వాలి, ఒకసారి ఇస్తే సుమారు అర నిమిషం తిరుగుతుంది. అందులో పట్టేది వంద అడుగుల ఫిల్మ్. సెకనుకు 24 బొమ్మలు, అడుగుకు 16 బొమ్మలు, అంటే సెకనుకు అడుగున్నర ఖర్చు. వంద అడుగులు నిమిషం మీద ఏడు సెకన్లలో అయిపోతాయి. ఇప్పుడు పెళ్ళి వీడియోవాడు భోజనాల పంక్తికే గంట తీస్తాడు. అప్పటి కెమెరామన్ ‘ఇప్పుడు నొక్కనా, ఆగనా’ అని ప్రతి క్షణం లెక్క చూసుకునేవాడు. కాబట్టి అనుకోకుండా జరిగేది ఫిల్మ్ మీద పడాలంటే, అతను వేరే దేనికోసమో అప్పటికే బటన్ నొక్కి ఉండాలి.

ఫార్న్‌బరో సంగతి సరిగ్గా అలాంటిది. 1952 సెప్టెంబరు 6. ఇంగ్లండ్‌లో అప్పట్లో ఏటా జరిగే విమాన ప్రదర్శన. యుద్ధంలో గెలిచి, జేబు ఖాళీ అయిన దేశం తన కొత్త జెట్లను లోకానికి చూపించుకునే తిరునాళ్ళు అనుకోండి. కొండ మీద జనం, కింద న్యూస్‌రీల్ కెమెరాలు. డీహెచ్ 110 అనే జంట తోక విమానంలో జాన్ డెరీ, పక్క సీట్లో టోనీ రిచర్డ్స్. ఆ రోజు వాళ్ళు ఎగరాల్సిన విమానంలో ఏదో ఇబ్బంది వచ్చి, హాట్‌ఫీల్డ్ నుంచి రెండోదాన్ని తెచ్చారు. పైనుంచి ధ్వని వేగం దాటి డైవ్ చేశారు, జనానికి ఆ ఢాంఢాం మోతలు వినబడ్డాయి, తర్వాత కిందికి వచ్చి మలుపు తిరిగి పైకి లేస్తుండగా విమానం గాల్లోనే ముక్కలైంది. ఇంజన్లు విడిపోయి ముందుకు దూసుకుపోయాయి, ఒకటి కొండ మీది జనంలో పడింది. కింద ఉన్నవాళ్ళలో 29 మంది, విమానంలో ఇద్దరు చనిపోయారు.

ముక్కలవడానికి పట్టింది సెకను అనుకుందాం. అంటే 24 బొమ్మలు. అడుగున్నర ఫిల్మ్, మూరెడు. దర్యాప్తు చేసినవాళ్ళు జనం దగ్గరున్న ఫొటోలు, చిన్న కెమెరాల ఫిల్ములు పంపమని అడిగారు, కుప్పలుగా వచ్చాయి. వాటిని ముందు పెట్టుకుని ఏ భాగం ముందు ఊడిందో వరస కట్టారు. రెక్క బయటి భాగం, దాని ముందు అంచు దగ్గర పైరేకు బలం చాలక లొంగిపోయిందని తేలింది. ఒకేసారి పొర్లుతూ, పైకి లేస్తూ ఉండడంతో రెక్క మీద వంపు, మెలి రెండూ కలిసిపడ్డాయి. తర్వాత బ్రిటన్‌లో నిబంధనలు మార్చారు. జెట్ తిన్నగా పోతుంటే జనానికి 230 మీటర్లు, విన్యాసాలు చేస్తుంటే 450 మీటర్ల దూరం పాటించాలి, ఎత్తు 150 మీటర్లకు తగ్గకూడదు. 2015లో షోరమ్ దగ్గర రోడ్డు మీద విమానం పడి 11 మంది పోయేదాకా, ఆ దేశపు విమాన ప్రదర్శనల్లో కింద ఉన్నవారెవరూ చనిపోలేదు. ఈ మూరెడు ఫిల్మ్‌కు అందులో వాటా ఉందని నా లెక్క.

మీరు ఈ క్లిప్పు వాడేటట్టయితే దాని తర్వాతి భాగం కూడా వెతకండి. రన్‌వే మీది ముక్కలు తీశాక నెవిల్ డ్యూక్ అనే టెస్ట్ పైలట్ తన హంటర్ విమానంలో పైకి వెళ్ళి మళ్ళీ ధ్వని వేగం దాటాడు. ప్రదర్శన ఆపలేదు. ఇప్పుడైతే ఊహించలేం.

ఇక అసలు కామెట్. దీని కథ తలకిందులు. ఇది గాల్లో విరుగుతున్న ఫిల్మ్ లేదు. ఎవడైనా చూపిస్తే నకిలీ. 1949 జూలై 27న మొదటిసారి ఎగిరినప్పుడు, 1952 మే 2న లండన్ నుంచి జోహానెస్‌బర్గ్‌కు ప్రపంచంలో తొలి జెట్ ప్రయాణికుల సర్వీసు బయల్దేరినప్పుడు కెమెరాలున్నాయి. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తాలో లేచిన కామెట్ కొద్ది నిమిషాలకే జంగీపారా దగ్గర పెనుగాలి వానలో పడి కూలి 43 మంది చనిపోయారు. పల్లెటూరి పొలాలు, ఈదురుగాలి. అక్కడ కెమెరా ఎందుకుంటుంది? 1954 జనవరి 10న ఇంకొకటి ఇటలీలోని ఎల్బా దీవి దగ్గర సముద్రంలో పడింది, 35 మంది. ఏప్రిల్ 8న మూడోది నేపుల్స్ దగ్గర, 21 మంది. అంతా కెమెరాకు అందని ఎత్తులో.

కానీ ఆ తర్వాత జరిగింది మాత్రం ఫిల్మ్ మీద ఉంది, నాకు ప్రమాదం కంటే అదే ఎక్కువ ఇష్టం. ఎల్బా దగ్గర సముద్రం అడుగున శకలాల కోసం బ్రిటిష్ నౌకాదళం నీళ్ళలోకి టెలివిజన్ కెమెరా దింపింది. ఫార్న్‌బరోలో ఇంకో కామెట్‌ను, రెక్కలు బయటికి ఉండేలా, పెద్ద నీటి తొట్టిలో పెట్టారు. లోపలికి నీళ్ళు కొట్టి ఒత్తిడి పెంచడం, తగ్గించడం, రాత్రీ పగలూ అదే పని. ఒక్కో విడతా ఒక ప్రయాణం కింద లెక్క. గాలి కాకుండా నీళ్ళే ఎందుకంటే, గాలితో పగిలితే బాంబులా పేలి ఆధారమంతా చెదిరిపోతుంది. నీళ్ళయితే చిరిగిన చోట చిరిగినట్టే ఉంటుంది. నిజంగా ఎగిరినవి, తొట్టిలో ‘ఎగిరినవి’ కలిపి సుమారు 3,050 ప్రయాణాలకు లోహం అలసిపోయి చిరిగింది. మీ స్క్రిప్టులో ‘చదరపు కిటికీల వల్ల కూలింది’ అని రాయబోతున్నారేమో, ఆగండి. ఎల్బా విమానంలో చీలిక మొదలైంది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు, పైకప్పు మీద రేడియో ఏరియల్ కోసం కోసిన కంత దగ్గర. ఆ ముక్క లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

ఇంకో చిట్కా. కామెట్ అని చూపించే క్లిప్పుల్లో సగం కామెట్ 4వి. అది 1958లో సర్వీసులోకి వచ్చింది, పొడుగ్గా ఉంటుంది, కిటికీలు గుండ్రం. 1954 అని చెబుతూ గుండ్రటి కిటికీల విమానం చూపిస్తే, తెలిసిన ప్రేక్షకుడు మొదటి కామెంట్‌లోనే పట్టేస్తాడు.

ఓడల లెక్క వేరు. ఓడ తీరిగ్గా చస్తుంది, కెమెరాకు టైమిస్తుంది. ఫ్లయింగ్ ఎంటర్‌ప్రైజ్ అనే సరుకు ఓడ 1951 క్రిస్మస్ నాటి తుపానులో అట్లాంటిక్‌లో పగులు పడి పక్కకు ఒరిగిపోయింది. ప్రయాణికులను, సిబ్బందిని డిసెంబరు 29న దింపేశారు. కెప్టెన్ కర్ట్ కార్ల్‌సెన్ మాత్రం దిగనన్నాడు. పడిపోయిన బీరువాలా ఒరిగిన ఓడ మీద ఒంటరిగా కూర్చున్నాడు. టర్మాయిల్ అనే టగ్గు (ఓడలను లాగే చిన్న ఓడ) వచ్చింది, దాని అధికారి కెన్నెత్ డాన్సీ ఒక్క గెంతుతో ఆ ఓడ ఎక్కాడు, జనవరి 5న లాగడం మొదలుపెట్టారు. న్యూస్‌రీల్ కంపెనీలకు అంతకంటే ఏం కావాలి? వాళ్ళ రీలు థియేటర్లకు వారానికి రెండుసార్లు వెళ్ళేది. ఈ కథ సీరియల్‌లా నడిచింది. విమానాలు అద్దెకు తీసుకుని పైన తిరిగారు. రేవు ఇంకా కొన్ని పదుల మైళ్ళ దూరంలో ఉండగా తాడు తెగింది. జనవరి 10న, ఇద్దరూ అడ్డంగా వాలిన పొగగొట్టం మీదుగా నడిచి నీళ్ళలోకి దూకాక, ఓడ మునిగింది. చివరి క్షణం ఫిల్మ్‌కు దక్కిందంటే, పదిహేను రోజులుగా అందరూ ఆ క్షణం కోసమే కాచుకుని ఉన్నారు.

ఆండ్రియా డోరియా అనే ఇటాలియన్ ప్రయాణికుల ఓడ విషయంలో రెండూ కలిశాయి, కెమెరాకు అందని క్షణం, కెమెరా ముందు తీరిగ్గా వచ్చిన ముగింపు. 1956 జూలై 25 రాత్రి 11 దాటాక, అమెరికా తూర్పు తీరంలో నాన్‌టకెట్ దగ్గర పొగమంచులో స్టాక్‌హోమ్ ఓడ ముక్కు దాని పక్కటెముకల్లో దిగింది. చీకటి, మంచు, ఆ గుద్దుకోవడం ఎవరూ తియ్యలేదు. కానీ ఇటాలియన్ ఓడ మునగడానికి 11 గంటలు తీసుకుంది. ఆ లోపు తెల్లారింది, విమానాలు వచ్చాయి. మర్నాడు ఉదయం 10 గంటల 9 నిమిషాలకు అది మునగడం ఫిల్మ్ మీద ఉంది. బోస్టన్ పత్రిక ఫొటోగ్రాఫర్ హ్యారీ ట్రాస్క్ చిన్న విమానంలో, కడుపులో తిప్పుతుండగా, ఆఖరి నిమిషాల వరస తీశాడు, 1957లో పులిట్జర్ బహుమతి వచ్చింది. మిగతావాళ్ళ కంటే ఆలస్యంగా వెళ్ళడమే అతనికి కలిసొచ్చింది. రెండు ఓడల్లో కలిపి 51 మంది చనిపోయారు, దాదాపు 1,660 మందిని కాపాడారు. ఆ ఫిల్మ్‌లో ఒక వైపు లైఫ్‌బోట్లు ఇంకా ఓడకే వేలాడుతూ కనిపిస్తాయి చూడండి. ఓడ ఎంత ఒరిగిందంటే ఆ వైపువి దింపడానికే వీల్లేకపోయింది. మీ వ్యాఖ్యానంలో నాలుగు వాక్యాలు రాసే బదులు ఆ ఒక్క షాట్ మీద ఆగండి.

కెమెరాలు ఎన్ని ఉన్నా చాలవు అనడానికి బికినీ ఉదాహరణ. 1946 జూలైలో అమెరికావాళ్ళు ఆ పగడపు దీవుల దగ్గర ఓడల గుంపును లంగరేసి అణుబాంబు పరీక్షలు చేశారు. విమానాల్లో, దీవి మీది టవర్లలో వందల కొద్దీ కెమెరాలు. మొదటి బాంబుకు గురి నెవాడా అనే యుద్ధనౌక. కనబడాలని దానికి ఎర్ర నారింజ రంగు పూశారు. బాంబు దానికి 600 మీటర్లకు పైగా దూరంలో పేలింది. రెండోది, జూలై 25న నీళ్ళ అడుగున పేల్చినది, మీరందరూ చూసినదే: సముద్రం స్తంభంలా లేచి, దాని పాదం దగ్గర యుద్ధనౌకలు అగ్గిపెట్టెల్లా కనబడతాయి. సారటోగా విమానవాహక నౌక ఆ రోజే, కెమెరాల ముందే మునిగింది. పెరల్ హార్బర్ దాడినాడు అడ్మిరల్ యమమొతో జెండా ఎగిరిన జపాను యుద్ధనౌక నగతో మాత్రం నాలుగు రోజులు తేలుతూనే ఉండి, 29 రాత్రి, తెల్లారేలోపు, ఎవరూ చూడకుండా మునిగిపోయింది. అన్ని కెమెరాల మధ్య.

ఈ బికినీ క్లిప్పులు వాడితే శబ్దం తీసేయండి. పేలుడు కనబడ్డ క్షణంలోనే ‘ఢాం’ అని వినబడుతుంది, అది ఎడిటింగ్ రూములో మాలాంటివాడు అంటించినది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న కెమెరాకు మోత చేరడానికే తొమ్మిది సెకన్లు పడుతుంది, బికినీలో కెమెరాలు చాలావరకు ఇంకా దూరం. న్యూస్‌రీల్‌లో ఆకాశం నుంచి తీసినది, సముద్రం మీద తీసినది దాదాపు అంతా మూగ ఫిల్మే. గాలి హోరు, కేకలు, ఇంజను మోత లైబ్రరీ నుంచి తెచ్చి కలిపేవాళ్ళు. మోసం అనుకోకండి, అప్పటి ప్రేక్షకుడికీ అది తెలుసు. యుద్ధానికి ముందు, 1937లో, తగలబడిన జర్మన్ గాలిఓడ హిండెన్‌బర్గ్ కూడా అంతే. రేడియో వ్యాఖ్యాత హెర్బర్ట్ మారిసన్ ఏడుపు గొంతు వేరే రికార్డు, మంటల ఫిల్మ్ వేరే, తర్వాత ఎవరో కలిపారు. పైగా ఆ రోజు న్యూస్‌రీల్ కెమెరాలు నాలుగు కంపెనీలవి ఉన్నా, మొదటి నిప్పు అంటుకున్న క్షణం ఒక్కదానికీ దొరకలేదు.

అదే 1967 జూలై 29న వియత్నాం పక్కనున్న టాంకిన్ సింధుశాఖలో అమెరికా ఫారెస్టల్ విమానవాహక నౌక మీద నిప్పు పుట్టినప్పుడు కెమెరా తప్పించుకోలేదు. అప్పటికి డెక్ మీద ల్యాండింగులు రికార్డు చేసే టీవీ కెమెరాలు నిత్యం నడుస్తుండేవి. కరెంటు ఒక్కసారిగా పెరగడంతో ఒక విమానానికి తగిలించిన రాకెట్టు దానంతటదే దూసుకెళ్ళి ఎదురుగా ఉన్న విమానాన్ని కొట్టింది, ఇంధనం కారి అంటుకుంది. మంట మొదలైన నిమిషంన్నరకే మొదటి బాంబు పేలింది. టేపులో ఒక మనిషి చేతిలో చిన్న ఆర్పే సిలిండరుతో ఆ బాంబు వైపు పరుగెత్తడం కనబడుతుంది. చీఫ్ జెరాల్డ్ ఫారియర్. తన వాళ్ళు గొట్టాలు లాక్కొచ్చేదాకా బాంబు వేడెక్కకుండా చూడాలని వెళ్ళాడు, ఆ పేలుడులోనే పోయాడు. 134 మంది చనిపోయారు. శిక్షణ ఉన్న అగ్నిమాపక జట్టు మొదటి పేలుళ్ళలోనే పోవడంతో, మిగిలినవాళ్ళలో ఒకరు నురగ కొడుతుంటే ఇంకొకరు ఉప్పునీళ్ళు కొట్టి ఆ నురగను కడిగేయడం కూడా రికార్డయింది. అమెరికా నౌకాదళం ఆ దృశ్యాలను ఏళ్ళ తరబడి కొత్తవాళ్ళకు పాఠంగా చూపించింది. మీరు వాడితే దయచేసి వెనక థ్రిల్లర్ మ్యూజిక్ పెట్టకండి.

ఇప్పుడు మీకు పనికొచ్చే తనిఖీలు. ఒకటి నా సొంత తప్పు నుంచే చెబుతాను. తొంభైలలో ఓడల మీద ఒక డాక్యుమెంటరీకి పని చేస్తున్నాను. ముందు షాట్‌లో ఓడ ఎడమ నుంచి కుడికి పోతోంది, తర్వాతి షాట్‌లో కుడి నుంచి ఎడమకి. కంటికి ఇబ్బందిగా ఉందని రెండోదాన్ని బోర్లించి తిప్పేశాను. ప్రసారమయ్యాక విశాఖ నుంచి ఒక రిటైర్డ్ నేవీ ఆయన కార్డు రాశారు. విమానవాహక నౌక మీద ఉండే ఎత్తయిన కట్టడం, దాన్ని ‘ఐలాండ్’ అంటారు, ముందుకు చూస్తూ నిలబడితే కుడివైపే ఉంటుందట. ఎడమవైపు ఉన్నవి జపానువాళ్ళవి రెండే, అకాగి, హిర్యూ. రెండూ 1942లోనే సముద్రం అడుక్కి పోయాయి. ‘మీరు తీసిన ఓడ ఏదో తెలపగోరుతాను’ అని ముగించారు. ఆ కార్డు చాలాకాలం నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. ఇప్పుడు కాపీరైట్ యంత్రాలను తప్పించుకోవడానికి యూట్యూబ్‌లో చాలామంది క్లిప్పుల్ని అద్దంలో చూపినట్టు తిప్పేస్తున్నారు. ఐలాండ్, విమానం మీది నంబర్లు, సైనికుల చొక్కా గుండీలు చూడండి.

రంగు సంగతి. 1950ల న్యూస్‌రీల్ రంగుల్లో కనిపిస్తే చాలావరకు ఇప్పుడు కంప్యూటర్ వేసిన రంగు. కానీ సైన్యం తీసిన 16 ఎంఎం కోడాక్రోమ్ రంగులు నిజమైనవే, డెబ్బై ఏళ్ళయినా చెక్కు చెదరవు, బికినీవి అలాంటివే. ‘ఏఐతో 4కే, 60 ఫ్రేములు’ అన్న వీడియోలు మాత్రం ముట్టుకోకండి. లేని బొమ్మలను మధ్యలో పుట్టిస్తుంది, చదవలేని రిజిస్ట్రేషన్ అక్షరాలను తనకు తోచినట్టు గీసేస్తుంది. ఆధారం అక్కడే చచ్చిపోతుంది.

కాపీ మీద కాపీ తీస్తే ఏమవుతుందో మ్యూనిక్ చూడండి. 1958 ఫిబ్రవరి 6న మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు ఉన్న విమానం జర్మనీలోని ఆ ఊళ్ళో రన్‌వే మీద లేవలేక 23 మంది చనిపోయారు. రెక్కల మీది మంచు తుడిపించలేదని జర్మన్ దర్యాప్తు కెప్టెన్ జేమ్స్ థెయిన్ మీద తప్పు పెట్టింది. ఒక ఫొటోలో రెక్క తెల్లగా కనబడింది మరి. తర్వాత అసలు నెగటివ్ తెప్పించి చూస్తే మంచు లేదు, రెక్క మీద పడ్డ ఎండ మెరుపు. అచ్చయిన ఫొటో డూప్ నెగటివ్ (కాపీ నెగటివ్) నుంచి తీసినది, కాపీలో తెలుపు ఇంకా తెల్లబడింది. అసలు కారణం రన్‌వే మీది బురద మంచు. ఆయన మీది నింద పోవడానికి 1969 దాకా పట్టింది. కాబట్టి దొరికినంతలో అసలుకు దగ్గరి కాపీ వాడండి. పాత న్యూస్‌రీల్ కంపెనీ బ్రిటిష్ పాతే వాళ్ళు 2014లో 85,000 ఫిల్ములు యూట్యూబ్‌లో పెట్టారు, చూడటానికి ఉచితం, వాడుకోవడానికి లైసెన్సు కావాలి. అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్న యూనివర్సల్ న్యూస్‌రీల్ ఎవరైనా వాడుకోవచ్చు. అయితే అందులో విడుదలైన రీళ్ళే ఎక్కువ. కోసి పక్కన పెట్టిన నైట్రేట్ ఫిల్మ్ (ఇట్టే అంటుకునే పాత రకం) 1978 డిసెంబరులో దాచిన గదికి నిప్పంటుకుని 1.26 కోట్ల అడుగులు బూడిదైంది. నైట్రేట్ తన ప్రాణవాయువును తనే పుట్టించుకుంటుంది, నీళ్ళలో ముంచినా మండుతుంది.

ఇక మనవైపు సంగతి. గాజీ 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట, నీళ్ళ అడుగున పేలింది. ఒడ్డున ఉన్నవాళ్ళకు మోత వినబడింది. రాత్రి, బ్లాకవుట్, జలాంతర్గామి. మూడింట్లో ఏ ఒక్కటి చాలు కెమెరాను ఆపడానికి. ‘గాజీ మునిగిన అసలు వీడియో’ అని ఒకటి తిరుగుతుంటుంది. పగటి వెలుగులో యుద్ధనౌక పక్కకు ఒరిగి ఒక్కసారిగా పేలిపోతుంది కదా? అది 1941లో మధ్యధరా సముద్రంలో మునిగిన బ్రిటిష్ నౌక బార్హమ్. పక్క ఓడలో ఉన్న న్యూస్‌రీల్ కెమెరామన్ జాన్ టర్నర్ తీశాడు. ప్రపంచంలో మునిగిన సగం ఓడలకు ఆ ఒక్క ఫిల్మే డూపు.

దివిసీమకు కారణాలు ఇంకా మామూలువి. 1977 నవంబరు 19న ఐదారు మీటర్ల అల ఊళ్ళ మీదికి వచ్చి పదివేల మంది దాకా పోయారు. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది ఆ అక్టోబరు 23న, నెల కూడా కాలేదు. కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్‌రీల్ మన హాళ్ళలో తెలుగు వ్యాఖ్యానంతో సినిమాకు ముందు వేసేవాళ్ళు, కానీ వాళ్ళ కెమెరాలు వెళ్ళేది ముహూర్తం ముందే తెలిసిన చోటికి: ఆనకట్ట ప్రారంభం, నెహ్రూ గారి పర్యటన. తుపానుకు ముహూర్తం ఉండదు. కరెంటు పోయి, రోడ్లు తెగి, ఎవరైనా వెళ్ళేసరికి అల వెనక్కి పోయింది. దొరికేదంతా ఆ తర్వాతిదే, నీళ్ళు నిలిచిన పొలాలు, సహాయ శిబిరాలు. ‘దివిసీమ అల లైవ్’ అని ఎవరైనా అమ్మజూపితే డబ్బులివ్వకండి.

మీరు రెండో క్లిప్పు ఒకటుందన్నారు, డెక్ మీద విమానాలు వరసగా తగలబడుతున్నది. ఫారెస్టలే అనుకుంటున్నాను. ఐలాండ్ ఎటువైపు ఉందో, తోకల మీద ఏ అక్షరాలున్నాయో, కెమెరా అటూ ఇటూ కదిలిస్తూ తీసినదా లేక ఒకే చోట బిగించిన కెమెరాలా ఉందో చూసి ఇక్కడే రాయండి. మిగతాది అప్పుడు చెబుతాను.